పొడిదిన్నెకు సముద్రపు పోటు

రేవుదిన్నె జిల్లా పుట్టిన రోజున ఆకాశంలో ఏ మార్పూ రాలేదు. అంతా కాగితం మీదే జరిగింది. సముద్రం ఒడ్డునున్న రేవు ప్రాంతాన్నీ, ఎడారిలో ఉన్న దిన్నె ప్రాంతాన్నీ కలిపి కుట్టేసి, ఇది ఒక జిల్లా అన్నారు. దాంతో తూర్పున ఉప్పుగాలి, పడమట ఇసుకగాలి, రెంటికీ నడుమ ఒక టీ కొట్టు మిగిలాయి. ఆ టీ కొట్టు ఉన్నచోటు పేరు నడిమిమైలు.

పొడిదిన్నె ఓబుళమ్మకు జిల్లాతో పనిలేదు గానీ నడిమిమైలుతో ఉంది. ఏటా ఉగాది వెళ్ళగానే ఆమె ఎక్కే బస్సు అక్కడ కాసేపు ఆగుతుంది. దాన్ని అందరూ ఎండబస్సు అంటారు. దిన్నెలోని ముసలివాళ్ళూ, బాలింతలూ, పసిపిల్లలూ దాన్నెక్కి రేవులో ఉన్న చుట్టాల ఇళ్ళకు పోతారు. తొలకరి పడ్డాక అదే బస్సులో తిరిగొస్తారు. ఆ దారిలో ఇంకో బస్సు లేదు. ఓబుళమ్మ పోయేది మొగరేవుకు, చెల్లెలు చెంచమ్మ ఇంటికి. చెంచమ్మను ఎప్పుడో పరికిణీలు కట్టే వయసులో ఆ ఊరికి ఇచ్చారు. అప్పటినుంచీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఏడాది అంటే ఆ ఎండాకాలమే. మిగతా నెలలన్నీ దానికోసం కూర్చుని ఉండటమే.

వాళ్ళిద్దరికీ ఒక ఆనవాయితీ ఉంది. వెళ్ళే మనిషి ఏదో ఒక వస్తువు వెనక వదిలిపెట్టాలి. మరిచిపోయి కాదు, కావాలనే. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఒక ఎండాకాలం పనికోసం ఊరు దాటిపోయాడు. కండువా, కర్ర, చుట్టల సంచీ అన్నీ పట్టుకుపోయాడు. మళ్ళీ రాలేదు. "ఒక్కటన్నా ఇంట్లో పెట్టి పోయింటే దానికోసమైనా వచ్చేటోడు" అని వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా అంటూనే ఉంది. అందుకని ఓబుళమ్మ ఏటా తన తాటాకు విసనకర్రను చెల్లెలి ఇంటి గోడకు తగిలించి వస్తుంది. తొమ్మిది నెలలు కొంగుతో విసురుకుంటుంది గానీ ఇంకో విసనకర్ర కొనదు.

పోయిన ఏడు బస్సెక్కిస్తూ చెంచమ్మ అక్క గడ్డం పట్టుకుని మొహం తన కళ్ళకు దగ్గరగా లాక్కుంది. "మసకైపోతోందే అక్కా. డాక్టరు లాభం లేదన్నాడు. వచ్చే ఏటికి నీ మొహం కొంచెమైనా మిగులుద్దో లేదో" అంది. ఆ మాట ఓబుళమ్మను ఏడాది పొడుగునా నిద్రపోనివ్వలేదు. ఫోను చేద్దామా అంటే ఇద్దరి చెవులూ అంతంత మాత్రమే. చెరొక పక్క 'హలో' 'హలో' అని అరిచి, బాగానే ఉన్నాంలే అనుకుని పెట్టేస్తారు.

అలాంటి ఏడే వాతావరణానికి న్యాయం చెయ్యాలని పెద్దలకు తోచింది.

ఉగాదికి ముందు జిల్లా సభ పెట్టారు. మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారని చెప్పి పొడిదిన్నె వాళ్ళను లారీలో తీసుకుపోయారు. ఓబుళమ్మ కూడా వెళ్ళింది. దిన్నె నాయకుడు నాగసుబ్బన్న మైకు అందుకున్నాడు.

"ఏం అన్యాయమప్పా ఇది! చల్లగాలి వాళ్ళకే. మబ్బు వాళ్ళకే. కడాకు తుఫాను గూడా వాళ్ళకే! దానికి మళ్ళా బారసాల చేసినట్టు పేరు పెడతారు. మా ఇసుకగాలి మా తాతల కాలం నుంచీ వీస్తాంది. దానికి ఒక్క పేరన్నా పెట్టినారా? మేము మనుషులం కామా?"

పొడిదిన్నె వాళ్ళ చప్పట్లతో సభ దద్దరిల్లింది. ఆ చప్పుడుకు రేవు నాయకుడికి రోషం వచ్చింది. "మాకేటి సుఖం?" అని లేచాడు. "మా ఎండ చూస్తే తడి ఎండ. చేపలు ఆరబెడితే ఆరవు, కంపు కొడతాయి. పొడి ఎండంతా వాళ్ళే ఉంచీసుకుంటే ఎలాగ? మా వాటా మాకు రావాల!"

అప్పుడు జిల్లా వాతావరణ సమన్యాయ అధికారి పరాంకుశం గారు లేచారు. అంత ఎండలోనూ నల్లకోటు వేసుకున్నారు. వాతావరణం ఆహ్లాదకరంగా ఉందని ఆ ఉదయమే తమ ఆఫీసు ప్రకటించింది కాబట్టి కోటు విప్పడానికి వీల్లేదు.

"గౌరవనీయులైన ఉభయ ప్రాంతాల ప్రజలారా! వాతావరణం ప్రజల ఆస్తి. ఇంతవరకూ సదరు ఆస్తి ఎటువంటి విధివిధానాలూ లేకుండా, తనకు తోచిన చోట తనకు తోచినట్టు వీచుచూ, కురియుచూ ఉన్నది. ఇక మీదట అలా సాగదు. ప్రాంతీయ అసమానతలను రూపుమాపే దిశగా ఈ వేసవి నుంచే సమన్యాయ ప్రాతిపదికన వాతావరణ కేటాయింపులు జరుగుతాయని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను."

జనం మధ్యలోంచి మేకల కంబగిరి చెయ్యెత్తాడు. ఓబుళమ్మకు పక్కింటివాడు. నోరు ఊరుకోదు. "సార్, అంతా బాగుండాది. గాలికి ఈ సంగతి ఎవురు చెప్తారు?"

"దానికి ఒక ఉపసంఘం వేశాం" అన్నారు పరాంకుశం గారు.

వారం తిరక్కుండా పంచాయతీ గోడమీద వేసవి తొలి అంచనా అంటించారు. పొడిదిన్నెలో గోడమీద ఏది అంటించినా పూర్తిగా చదివేది ఓబుళమ్మ ఒక్కతే. బడికి పోయిన మనిషి కాదు. బస్సుల మీద రాసిన ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. ఆ తర్వాత బజ్జీలు కట్టిన కాగితాల దగ్గరనుంచీ దేన్నీ వదల్లేదు. నూనె మరకలు పడ్డచోట కథ ఏమై ఉంటుందో ఊహించుకునేది, ఎప్పుడూ చెడే ఊహించుకునేది.

ఊరంతా చుట్టూ చేరితే ఆమె గట్టిగా చదివింది. "పొడిదిన్నె. సాయంత్రాలు సముద్రపు గాలి. తేమ. అడపాదడపా చిరుజల్లులు. చైత్ర పున్నమికి సముద్రపు పోటు ఒకటి. మొగరేవు. పొడి ఎండ. వడగాడ్పులు. సదరు పున్నమికే ఇసుక తుఫాను ఒకటి."

"పోటంటే?" అన్నాడు కంబగిరి.

"సముద్రం పొంగి ఊరి మీదికి వస్తాదంట."

"మనూరికా? యా దారిన వస్తాదిమా?"

"బస్సు దారినే రావాల. ఇంకో దారి యాడుండాది మనకు?"

నవ్వారు గానీ, మర్నాటినుంచే ఏర్పాట్లు మొదలయ్యాయి. లారీమీద ఒక పడవ దిగింది. ఊరి వెనక ఇసుకదిబ్బ మీద ఎర్రజెండాలు పాతి, 'ఇచ్చట స్నానము ప్రమాదకరం' అని బోర్డు పెట్టారు. ఒక గజఈతగాడిని కూడా వేశారు. అతను పొద్దున్నే దిబ్బమీద గొడుగు కింద కూర్చుని, ఏ మేకయినా జెండాలు దాటితే ఈల ఊదేవాడు. నాలుగు రోజులు పోయాక మేకలకు ఆ ఈల అలవాటైంది. అది వినిపిస్తే తప్ప మేతకు కదిలేవి కావు. పడవ వాటికి నీడగా ఉపయోగపడింది.

మొగరేవుకు అంతకు మించి న్యాయం జరిగిందని పాలవ్యాను డ్రైవరు చెప్పాడు. చేపలు పట్టేవాళ్ళను చెట్టు కింద కూర్చోబెట్టి, ఇసుకలో నీటి ఆనవాలు ఎలా పట్టాలో పాఠం చెప్పారట. ఎడారి ప్రాంతానికి తప్పనిసరి అని ఒక ఒంటెను కూడా పంపారట. అది సముద్రాన్ని చూసి ముందుకూ పోదట, వెనక్కీ రాదట. చేపల గంప ఎవరు దింపినా మూతి పెట్టేస్తోందట.

ఇటు పొడిదిన్నెలో ఎండ యథాప్రకారం మాడుస్తూనే ఉంది. ఉష్ణమాపకం చూడటానికి వచ్చిన ఉద్యోగి దాన్ని రెండుసార్లు విదిలించి చూశాడు. తర్వాత కేటాయించిన వేడి వరకే రాసుకున్నాడు. "మరి ఆ మీదుండే వేడి?" అని నాగసుబ్బన్న అడిగితే, "అది అనుమతి లేని వేడి సార్. మా లెక్కలోకి రాదు" అన్నాడు. లెక్కలోకి రాని ఆ వేడికే ఆ మధ్యాహ్నం కంబగిరి మేకల మధ్య కళ్ళు తిరిగి పడిపోయాడు. ఓబుళమ్మే ముందు చూసి కేక పెట్టింది. మంచంమీద ఆసుపత్రికి మోసుకుపోతే డాక్టరు నాడి చూసి నిట్టూర్చాడు.

"ఎండదెబ్బే. కానీ ఈ ఊరికి ఎండదెబ్బ కేటాయింపు లేదమ్మా. మొత్తం మొగరేవుకు ఇచ్చేశారు. ఓడ ప్రయాణపు వాంతులని రాస్తాను. మందు మాత్రం సరైందే ఇస్తాలే."

"నేను ఓడెప్పుడెక్కినా సార్?" అని మూలిగాడు కంబగిరి.

"పడవ కింద పండుకోలేదా?" అన్నాడు డాక్టరు. కంబగిరి ఒప్పుకోక తప్పలేదు.

ఇంతవరకూ ఓబుళమ్మ కూడా నలుగురితోపాటు నవ్వింది. ఉగాది మర్నాడు మూట కట్టుకుని రోడ్డుమీదికి వచ్చి నిలబడింది. పొద్దు నడినెత్తికి వచ్చినా బస్సు రాలేదు. సాయంత్రం పాలవ్యాను డ్రైవరు చెప్పాడు. "ఎండబస్సు ఎత్తేసినారు అవ్వా. రెండుపక్కలా ఒకే వాతావరణం అయినంక ఎవురు యాడికి పోవాల అంటున్నారు."

ఓబుళమ్మ మూట విప్పలేదు. తెల్లారి అదే పాలవ్యాను ఎక్కి జిల్లా ఆఫీసుకు పోయింది.

పరాంకుశం గారి గది చలికి వణికిపోతోంది. కోటు అక్కడ ఎంతో అవసరంగా కనిపించింది. ఆయన మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించారు.

"బస్సు ఎందుకు ఆపినారు నాయనా?"

"ఆపలేదమ్మా. హేతుబద్ధీకరించాం. సదరు బస్సు ఉద్దేశం వేడి ప్రాంతవాసులను చల్లని ప్రాంతమునకు చేరవేయుట. ఇప్పుడు వేడి ప్రాంతమన్నదే లేదు. మీ ఊళ్ళోనే మీకు సముద్రపు గాలి ఇచ్చాం కదా. అందడం లేదా?"

"నేను గాలి కోసం పోవట్లేదు నాయనా. చెల్లెలి కోసం పోతా. దానికి చూపు పోతాంది. ఈ ఎండాకాలం దాటితే నా మొహం దానికి కనపడదు."

పరాంకుశం గారు నిజంగానే బాధపడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పద్దు మా శాఖ కిందికి రాదమ్మా" అన్నారు.

ఓబుళమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుండిపోయింది. ఎదురు గోడమీద వేసవి తొలి అంచనా, అద్దం బిగించి, దండ వేసి ఉంది. అలవాటు కొద్దీ మళ్ళీ చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"చైత్ర పున్నమికి మా ఊరి మీదికి పోటు వస్తాదని రాసినారే. మరి మేము మునిగిపోమా?"

పరాంకుశం గారు ముందుకు వంగారు. ఆ అంచనా బయటికొచ్చాక, అందులో రాసినదాన్ని గురించి ఒక మనిషి కంగారుపడటం ఆయన అదే మొదటిసారి చూడటం. ఆయన మొహం వెలిగిపోయింది. "అంతా చదివారా అమ్మా? చివరిదాకా?"

"చదివినా. అందుకే భయమైతాంది. పోటు వస్తే మనుషులను ఎత్తుకుపోయి యాడన్నా పెట్టాల కదా?"

"పెట్టాలి. నిబంధనల ప్రకారం, పోటు ముప్పు లేని సమీప ప్రాంతానికి తరలించాలి." ఆయన కేటాయింపుల పటం ముందుకు లాక్కున్నారు. వేలితో అటూ ఇటూ వెతికారు. "మొగరేవు."

"సముద్రం పక్కనే ఉండాది కదా నాయనా అది?"

"ఉంటేనేం? ఆ పున్నమికి అక్కడి పోటును మీకు కేటాయించేశాం. కాబట్టి సముద్రపరంగా ఈ జిల్లాలో మొగరేవును మించిన సురక్షిత ప్రాంతం లేదు."

"పెద్ద చదువులు చదివినోళ్ళు. మీరు చెప్తే సరే. మళ్ళా ఎప్పుడు తెచ్చి దింపుతారు?"

"పోటు వచ్చి, తీసిన తర్వాత. అది రాకముందే హెచ్చరిక ఎత్తేయడానికి నిబంధనలు ఒప్పుకోవు."

ఓబుళమ్మ ఆ మాటను భద్రంగా కొంగుకు కట్టుకుని ఇంటికి వచ్చింది.

పున్నమి ముందురోజు పొద్దున్నే పొడిదిన్నెకు బస్సు వచ్చింది. అదే ఎండబస్సు. పాత పేరు మీద 'విపత్తు తరలింపు' అని అట్ట కట్టారు. తొలి తరలింపు కాబట్టి పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. ఎప్పుడూ పోయే ముసలివాళ్ళూ బాలింతలే కాదు, ఈసారి ఊరు ఊరంతా ఎక్కాలి. కోళ్ళు గంపల్లో ఎక్కాయి. మేకలు పైన ఎక్కాయి.

"మేకలు దేనికి?" అన్నారు పరాంకుశం గారు.

"వాటికి ఈత రాదు సార్" అన్నాడు కంబగిరి.

నిబంధన అడ్డు చెప్పలేదు. పరాంకుశం గారు ముందుసీట్లో కూర్చుని తలలు లెక్కపెట్టారు. తరలింపులో ముఖ్యమైన సూత్రం అదేనని అందరికీ వివరించారు. బస్సులో ఎన్ని తలలు బయల్దేరితే అన్ని తలలూ దిగాలి. ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా విపత్తు కిందే లెక్క. అనుమానం లేకుండా తమ తలను కూడా అందులో చేర్చుకున్నారు.

ఓబుళమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక చాలా కాలం తర్వాత ఆమెకు కునుకు పట్టింది. మధ్యమధ్య ఉలిక్కిపడి లేచి, దారి సరైనదేనా అని చూసుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నడిమిమైలు దగ్గర బస్సు ఆగింది. టీ కొట్టు ముందు ఎదురుగా ఇంకో బస్సు ఆగి ఉంది. దానికీ 'విపత్తు తరలింపు' అని అట్ట ఉంది. నిండా జనం, ఉప్పుచేపల బుట్టలు. ఓబుళమ్మ ఊరికే అటు చూసింది. ఆ కిటికీలో ఒక ముసలావిడ, ఒళ్ళో తాటాకు విసనకర్ర పెట్టుకుని, మసకబారిన కళ్ళతో రోడ్డును వెతుకుతోంది.

"చెంచీ!" అని ఓబుళమ్మ పెట్టిన కేకకు బస్సు మీది మేకలు బెదిరాయి.

విసనకర్ర పైకి లేచింది. "అక్కేనా? ఏటే, నువ్వు ఇక్కడున్నావేటే? నేను నీ ఇంటికే వస్తన్నాను కదే!"

"నా ఇంటికా? నేను నీ ఇంటికి పోతాండా!"

"మా ఊరికి ఇసుక తుఫానంట! ఇసుక తుఫాను వాటా లేని ఊరు పొడిదిన్నేనంట! అక్కడికి తీసుకుపోతన్నారు!"

రెండు బస్సులూ బయల్దేరితే ఎవరి ఇంట్లో వాళ్ళు లేకుండా ఇద్దరూ ఒకరి ఇంటి గోడ ఒకరు చూస్తూ కూర్చోవాలి. ఈలోగా ఆ చూపు ఆరిపోతుంది. ఆమె గబగబా దిగింది. చెంచమ్మ కూడా తడుముకుంటూ దిగింది. నడిరోడ్డుమీద ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. డ్రైవర్లిద్దరూ హారన్లు మోగించారు. ఇద్దరికీ చెవులు అంతంత మాత్రమే కావడం అప్పుడు కలిసొచ్చింది.

పరాంకుశం గారు కోటు సర్దుకుంటూ దిగారు. "అమ్మా, దయచేసి ఎవరి విపత్తులోకి వారు ఎక్కండి. ఆలస్యమవుతోంది."

"మేమిద్దరం ఒకే బస్సులో పోతాం నాయనా. ఏదైనా సరే."

"అసాధ్యం. ఒకదాంట్లో తల పెరుగుతుంది. ఇంకోదాంట్లో తగ్గుతుంది. పొడిదిన్నెకు చేరవలసిన తల పొడిదిన్నెకు చేరాల్సిందే."

"ఎవురి తలైనా ఫరవాలేదా సార్?" అన్నాడు కంబగిరి కిటికీలోంచి.

"తల అంటే తలే. పేరుతో నిమిత్తం లేదు" అన్నారు పరాంకుశం గారు. అనకుండా ఉండవలసింది.

ఓబుళమ్మ ఆయన వైపు చూసింది. టీ కొట్టువాడు టీ పొయ్యడం ఆపాడు.

"మీరు మా బస్సులో కూసున్నారు గదా నాయనా" అంది ఆమె నెమ్మదిగా. "మీ తల గూడా లెక్కపెట్టినారు. మీరు ఆ బస్సెక్కండి. మీ సీట్లో మా చెల్లెలు కూసుంటాది. ఇటు పెరగదు, అటు తగ్గదు."

"నేనా? పొడిదిన్నెకా? ఈ ఎండల్లోనా?"

ఆ మాట నోరు జారిందని ఆయనకు తెలిసేలోపే రెండు బస్సులూ విన్నాయి. నాగసుబ్బన్న మేకల మధ్యనుంచి తల బయటికి పెట్టాడు. "ఏ ఎండలు సార్? మాకు సముద్రపు గాలి ఇచ్చినాం అని రాసింది మీరే గదా! అందలేదని మేము అర్జీ గూడా పెట్టుకోలే!"

"ఎక్కండి బాబూ, ఎక్కండి" అంది మొగరేవు బస్సులోంచి పైడమ్మ. చెంచమ్మకు ఎదురింటావిడ. "ఎండితే మా చేపల పక్కన ఎండుదురు గానీ."

పరాంకుశం గారు నిబంధనలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకున్నట్టున్నారు. ఎక్కడా సందు దొరకలేదు. కోటు గుండీలు పెట్టుకుని, మొగరేవు బస్సెక్కి, విసనకర్ర మనిషి ఖాళీ చేసిన సీట్లో కూర్చున్నారు.

"వెళ్ళొస్తానని చెప్పు నాయనా" అంది ఓబుళమ్మ కంగారుగా. ఎవరు బయల్దేరినా ఆ మాట అనకపోతే ఆమెకు మనసు ఊరుకోదు.

"వెళ్ళొస్తాను" అన్నారు పరాంకుశం గారు. ఆ గొంతులో అంత నమ్మకం లేదు.

మొగరేవులో ఆ పున్నమికి ఇసుక తుఫాను రాలేదు. సముద్రం కూడా తన పోటును ఎవరికో ఇచ్చేశారన్న సంగతి తెలియక ఎప్పటిలాగే పొంగి, ఎప్పటిలాగే తీసింది. సాయంత్రమయ్యేసరికి అనుమతి లేని చల్లగాలి ఊరంతా వీచింది. పొడిదిన్నె జనం అరుగులమీద కూర్చుని దాన్ని దొంగసొత్తులా కొంచెం భయంగానూ, ఎక్కువ సంతోషంగానూ అనుభవించారు. కంబగిరికి ఒంటెతో స్నేహం కుదిరింది.

చెంచమ్మ రోజూ పొద్దున వెలుతురు బాగా ఉన్నప్పుడు అక్కను గుమ్మంలో కూర్చోబెట్టి మొహం చూసుకునేది. "ఈ మచ్చ ఇదివరకు లేదే." "ఎండకు వచ్చినాదిలే." "ముక్కు ఇంత పెద్దదా నీది?" "నీ చూపు పోయినా నోరు పోలేదే." ఎండలు ముదిరేకొద్దీ ఆమె మొహాన్ని ఇంకా దగ్గరికి లాక్కునేది. ఆ తర్వాత ఒకరోజు చూడటం మానేసి వేళ్ళతో తడిమింది. నుదురు, కళ్ళు, ముక్కు, మచ్చ. "చాల్లేవే. అంతా నేర్చీసుకున్నాను" అంది. ఓబుళమ్మ విసనకర్ర అందుకుని ఇద్దరికీ గాలి తగిలేలా చాలాసేపు విసురుతూ కూర్చుంది.

హెచ్చరిక మాత్రం ఎత్తలేదు. ఎత్తాలంటే పొడిదిన్నెకు పోటు రావాలి. అది వచ్చి తీసిందని రాయవలసిన అధికారి పొడిదిన్నెలోనే ఉన్నారు. చెంచమ్మ బదులు ఓబుళమ్మ ఇంట్లో దిగిన ఆయన రోజూ దిబ్బ ఎక్కి గజఈతగాడి గొడుగు కింద కూర్చుని పడమటా తూర్పూ చూస్తున్నారని కబురు వచ్చింది. చైత్రం పోయి వైశాఖం వచ్చింది. వైశాఖం పోయి జ్యేష్ఠం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మొగరేవు వాళ్ళకు ఎటూ వేట లేదు. ఆ బుట్టల్లోని ఉప్పుచేపలు పొడిదిన్నె ఎండలో ఒక్కపూటలో గలగలలాడేట్టు ఎండాయట. ఇలాంటి ఎండ మా తాతలు కూడా చూళ్ళేదని వాళ్ళు ఆయనకు దండం పెట్టారట. మా వాటా ఎండ ఇచ్చారని పొగిడారట.

చివరికి తొలకరి పడింది. పొడిదిన్నె నడివీధిలో మడమల లోతు నీళ్ళు నిలిచాయి. పరాంకుశం గారు పరుగున వచ్చి, ఆ నీళ్ళలో నిలబడి, పోటు వచ్చిందని ప్రకటించారు. సాయంత్రానికి ఇసుక ఆ నీళ్ళను తాగేసింది. పోటు తీసిందని కూడా ప్రకటించారు. పనిలో పనిగా మొగరేవు ఇసుక తుఫాను కూడా వచ్చి పోయిందని అదే కాగితం మీద రాసేశారు. మర్నాడే రెండు బస్సులూ బయల్దేరాయి.

మొగరేవులో ఓబుళమ్మ విసనకర్రను మళ్ళీ గోడకు తగిలించింది. చెంచమ్మ చేత్తో తడిమి, అది అక్కడే ఉందని చూసుకుని, "ఉంది. ఇంక పో" అంది.

నడిమిమైలు దగ్గర బస్సులు మళ్ళీ ఎదురుపడ్డాయి. టీ కొట్టు బల్లమీద తలకు తువ్వాలు చుట్టుకుని, కాకిలా నల్లబడిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఓబుళమ్మ ఎవరో అనుకుంది. ఆయనే లేచి పలకరించారు.

"బాగుండారా అమ్మా? మీ చెల్లెలు చూసిందా మీ మొహం?"

"చూసింది నాయనా. పూర్తిగా చూసింది." ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "కోటేదీ?"

"మీ ఇంట్లోనే ఉంది, కొక్కేనికి."

"అయ్యో, మరిచిపోయినారా! పాలవ్యానులో పంపిస్తాలే."

"వద్దొద్దు" అన్నారాయన గబగబా. తర్వాత టీ గ్లాసులోకి చూస్తూ అన్నారు. "పైడమ్మ చెప్పింది, మీ ఇంట్లో పద్ధతి."

ఓబుళమ్మ ఇంటికి చేరేసరికి కోటు నిజంగానే కొక్కేనికి ఉంది. జేబుల నిండా ఇసుక. ఆమె దాన్ని దులపలేదు, ఉతకలేదు, అక్కడినుంచి తియ్యలేదు.

ఏడాది తిరిగి మళ్ళీ ఎండ మొదలయ్యే వేళకు పంచాయతీ గోడమీద వేసవి తొలి అంచనా అంటించారు. ఊరు చుట్టూ చేరింది. ఓబుళమ్మ చదివింది. "పొడిదిన్నె, ఎండ. మొగరేవు, గాలి. బస్సు నడుచును."

"అంతేనా? ఇంకేం రాయలేదా?" అన్నాడు కంబగిరి.

ఆమె మళ్ళీ ఒకసారి మొదటినుంచీ చదువుకుంది. తర్వాత ఇంట్లోకి పోయి కోటు తీసి, దానికోసం మనిషి వచ్చే వేళయిందన్నట్టు వాకిట్లో నిలబడి ఇసుకంతా రాలేట్టు బాగా దులిపింది.